వైద్యగ్రంథాలయములు - పరస్పరసహాయము

ఏకాకియైన గ్రంథాలయ మెంత గొప్పదైనను అసంపూర్ణమే. కెనడా దేశమున మాంట్రియల్ నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయ వైద్యగ్రంథాలయమున పనిచేయుచుండిన మార్గరెట్ చార్ల్‌టన్ అను విదుషి యీ లోపమును గుర్తెఱింగెను. 1898వ సంవత్సరమున ఫిలడెల్ఫియాలో నలుగురు గ్రంథపాలకులును నలుగురు వైద్యులును కూడి వైద్యగ్రంథాలయసంఘమును స్థాపించిరి. స్థాపకులలో నామెయు నొకతె. ఒకచోట మిగిలిన ప్రతులు లేనిచోటికి చేరుటయే దాని ముఖ్యోద్దేశము.

1901 మొదలు 1904 వఱకు దాని కధ్యక్షుడైన విలియం ఓస్లర్ మెక్‌గిల్ పూర్వవిద్యార్థి. బ్రతికియున్న యొక్క కుమారుడును 1917లో యుద్ధమున మడిసెను. 1919లో ఓస్లరును గతించెను. ఆయన యొసగిన సుమారు 8,000 గ్రంథములతో 1929లో మెక్‌గిల్‌నందు ఓస్లర్ గ్రంథాలయము తెఱవబడెను. ఆయన చితాభస్మ మచ్చటనే యున్నది.

స్త్రీవిద్యవలన లోకమునకేమి లాభమని యడుగువారికి మేము చార్ల్‌టన్ చరిత్రమును చూపుదుము. సంతానము లేనిచో పేరు నిలువదని వగచువారికి ఓస్లర్ గ్రంథాలయమును చూపుదుము.