వినేవారు ఎక్కడ కూర్చున్నారు? మెతుకుసీమలో ప్రదర్శన కళల చరిత్ర

ప్రస్తావన

సంగీత, నృత్య చరిత్రను మనం సాధారణంగా వాగ్గేయకారుల జీవితాలుగానో, రాగతాళాల పరిణామంగానో చదువుతాం. ఈ పాఠంలో అదే చరిత్రను అవతలి వైపు నుంచి, అంటే ప్రేక్షకుల వైపు నుంచి పరిశీలిద్దాం. ప్రదర్శన జరిగేటప్పుడు చూసేవారు ఎక్కడ కూర్చున్నారు? ఎంతసేపు కూర్చున్నారు? కళాకారుడికి ప్రతిఫలం ఎవరిచ్చారు, ఏ రూపంలో ఇచ్చారు? మెదక్ పట్టణాన్ని, దాని చుట్టుపక్కల పల్లెలను ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నలు వేసుకుందాం. శాస్త్రీయం, జానపదం, పాప్ అని మనం పేర్లు పెట్టి విడదీసే వాటి మధ్య తేడా బాణీలలో కొంతే ఉంది. ఎక్కువ తేడా ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులలోనే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సభ, యాత్ర: రెండు పాత సాక్ష్యాలు

కాకతీయ గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. ఇందులో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు మార్గ పద్ధతిని, తరువాతి నాలుగు దేశి పద్ధతిని వివరిస్తాయి. ప్రాంతీయ నృత్యాలకు సగం పుస్తకం కేటాయించడం చిన్న విషయం కాదు. కర్రలతో ఆడే దండరాసకం కూడా, అంటే మన కోలాటం వంటిది కూడా, ఆయన దృష్టిలో శాస్త్రానికి తగిన వస్తువే. చివరి అధ్యాయంలో సభ ఎలా ఉండాలి, సభాపతి ఎవరు, ప్రేక్షకులు ఎలాంటివారు, కళాకారులను ఎలా సత్కరించాలి అనే విషయాలున్నాయి. మనం వేస్తున్న ప్రశ్నలు ఆ ఏనుగుల దళాధిపతికి ముందే తట్టాయన్నమాట.

పదమూడవ శతాబ్దానికే చెందినదిగా పండితులు భావించే పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రను దీని పక్కన పెట్టి చూడండి. పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తుల ఆటపాటల వర్ణన ఉంది. జాయప ప్రేక్షకుడు సభలో తన హోదాను బట్టి కూర్చుంటాడు. సోమన చూపే ప్రేక్షకుడు నడుస్తూ, తోసుకుంటూ, ఒక ఆట వదిలి ఇంకో ఆట దగ్గరికి పోతుంటాడు. ఈ రెండు రకాల ప్రేక్షకులూ మనకు ఇప్పటికీ కనిపిస్తారు.

జాతర, మిరాశి

రెండో రకం ప్రేక్షకుణ్ణి చూడాలంటే మెదక్‌కు దగ్గరలోని ఏడుపాయలకు వెళ్ళాలి. పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి వద్ద మంజీర నది ఏడు పాయలుగా చీలుతుంది. అక్కడి వనదుర్గా భవాని గుడి దగ్గర శివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. అక్కడ టికెట్టు లేదు, కుర్చీ లేదు, మొదలు చివర లేవు. డప్పు వినిపించిన చోట జనం గుంపుగా చేరతారు. శివసత్తులు పూనకంతో ఊగుతుంటే చూసేవారిలో ఒకరిద్దరు తామూ అందులో కలిసిపోతారు. ఎవరు ప్రేక్షకుడు, ఎవరు కళాకారుడు అన్న హద్దు నిలవదు.

బతుకమ్మలో ఈ హద్దు పూర్తిగా మాయమవుతుంది. వలయంగా తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆడవారే పాడేవారు, వినేవారు కూడా. మొహర్రంలో పీర్ల గుండం చుట్టూ హిందూ ముస్లింలు కలిసి ఆడే అసైదులా ఆట కూడా ఇలాంటిదే.

ఒగ్గుకథ సంగతి వేరు. కురుమ, గొల్ల కుటుంబాల ఇలవేల్పులైన మల్లన్న, బీరప్పల కథను ఒగ్గువారు చెబుతారు. ఒగ్గు అంటే శివుని చేతిలోని డమరుకం వంటి చిన్న వాద్యం. దానికి డోలు, తాళాలు తోడవుతాయి. ప్రధాన కథకుడు ఒక్కడే రాజు, రాణి, గొర్రెల కాపరి, దేవుడు అయి మాట్లాడతాడు. పక్కవాడు ఊఁ కొడుతూ, మధ్యలో చమత్కరిస్తూ, వినేవారికి రావలసిన సందేహాన్ని తానే అడుగుతాడు. రంగుల పొడులతో నేలమీద పట్నం వేసి దేవుని కల్యాణం చేసేదీ వీరే. కాబట్టి కథకుడు పూజారి కూడా. కథ పెట్టించిన ఇంటివారికి అది వినోదం మాత్రమే కాదు, తీర్చుకోవలసిన మొక్కు. రాత్రంతా కూర్చోవడం అందులో భాగమే.

ఇక ప్రతిఫలం. తెలంగాణలో అనేక కళారూపాలు ఆశ్రిత కులాల వ్యవస్థలో బతికాయి. చిందువారు మాదిగలకు, కూనపులివారు పద్మశాలీలకు, మందెచ్చులవారు గొల్లలకు కథలు చెప్పి, ఆటలాడి, కులపురాణాలు గానం చేసేవారు. ఏ కుటుంబం ఏ ఊళ్ళకు వెళ్ళాలో నిర్ణయమై ఉండేది. ఆ హక్కును మిరాశి అన్నారు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే ఊళ్ళనూ పంచుకునేవారు. పోషక కులం ఇచ్చేదాన్ని త్యాగం అనేవారు. అది ధాన్యం, బట్ట, మేక, కొంత నగదు రూపంలో ముట్టేది. మెదక్ పేరుకు మెతుకు మూలమని జనం చెప్పుకుంటారు. ఆ వ్యుత్పత్తి ఎలా ఉన్నా, కళాకారుడి జీతం మాత్రం నిజంగా మెతుకే.

ఈ వ్యవస్థను స్వర్ణయుగంగా వర్ణించే రచనలు మీకు చాలా కనిపిస్తాయి. జాగ్రత్తగా చదవండి. మిరాశి కళాకారుడికి భద్రత ఇచ్చిన మాట నిజం. అదే మిరాశి అతణ్ణి ఒక కులానికి, కొన్ని ఊళ్ళకు కట్టివేసింది. చిందు భాగోతంలో స్త్రీలు కూడా గజ్జెకట్టి వేషాలు వేశారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ పురుష పాత్రలలోనూ మెప్పించింది. రాత్రి దేవుడి వేషంలో దండాలు అందుకున్న కళాకారులే తెల్లారితే ఊరి చివరి వాడకు చెందినవారు. ఆట ఒకటే అయినా చూసేవారు ఒకచోట కలిసి కూర్చోలేదు. మీ ఊళ్ళో డెబ్బై ఏళ్ళు దాటినవారు ఉంటే, భాగోతం ఎవరి వాకిట్లో ఆడేవారు, ఏ కులంవారు ఎక్కడ నిలబడి చూసేవారు అని అడిగి రాసుకోండి. ఏ పుస్తకంలోనూ దొరకని సమాచారం దొరుకుతుంది.

చర్చిలో రాగాలు

ఈ నేపథ్యంలో మెదక్ కెథడ్రల్‌ను చూడాలి. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో పనులు మొదలై, 1924 డిసెంబరు 25న ఈ చర్చి ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజులలో కూలి పనికి వచ్చినవారికి ఈ నిర్మాణం తిండి పెట్టిందని స్థానికులు నేటికీ చెప్పుకుంటారు. గోపురం ఎత్తు 173 అడుగులు. లోపల వేల మంది కూర్చోవచ్చు.

మనకు ముఖ్యమైనది ఆ లోపలి పాట. తెలుగు ప్రొటెస్టంటు సంఘాలు వాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం తెరిస్తే చాలా కీర్తనల పైన రాగం, తాళం పేర్లు అచ్చయి కనిపిస్తాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివారు కర్ణాటక రాగాలలో క్రైస్తవ కీర్తనలు రచించారు. మెదక్ ప్రాంతంలో క్రైస్తవం స్వీకరించినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. గుడి మండపంలో అడుగుపెట్టే వీలు లేనివారు రాగతాళాలు కట్టిన కీర్తనలను అందరూ వరుసగా కూర్చునే చోట, గొంతెత్తి, సామూహికంగా పాడారు. సంగీత చరిత్ర గ్రంథాలు ఈ విషయాన్ని దాదాపు పట్టించుకోలేదు. కచేరీ చేసినవారి జాబితా రాసుకుంటూ పోతే ఇది కనబడదు. పాడినవారు, విన్నవారు ఎవరని అడిగితేనే కనబడుతుంది.

క్రిస్మస్ నాడు తెల్లవారుజామునే ఆరాధన మొదలవుతుంది. లోపల గాయకబృందం, బయట ఆవరణ నిండా జనం. వారిలో అన్ని మతాలవారూ ఉంటారు. లోపల సభ, బయట జాతర.

మైదానం

మెదక్ జిల్లా తూప్రాన్‌లో 1949లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావే గద్దర్. 1972లో ఏర్పడిన జననాట్యమండలి ద్వారా ఆయన ప్రసిద్ధుడయ్యాడు. ఈ మార్గం ఆయనతో మొదలు కాలేదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, ఇతర కళాకారులు బుర్రకథను ఉద్యమానికి వాడారు. గద్దర్ భుజాన గొంగడి, కాలికి గజ్జె, చేతిలో కర్రతో వచ్చి పాటను మధ్యలో ఆపి మాట్లాడేవాడు, ప్రశ్నలు వేసేవాడు, మళ్ళీ పల్లవి అందుకునేవాడు. ఒగ్గు కథకుడి పద్ధతే ఇది. పక్కన ఊఁ కొట్టే ఒక్క మనిషి స్థానంలో మైదానమంతా ఊఁ కొట్టింది.

మిరాశి ప్రేక్షకుడికి, ఈ ప్రేక్షకుడికి తేడా గమనించండి. ఇక్కడ పోషక కులం లేదు. అందరూ ఒకే నేలమీద కూర్చున్నారు. అందుకే ప్రభుత్వాలు ఈ ప్రదర్శనలను నిషేధించాయి కూడా. ఆంక్షలు సడలిన తరువాత 1990 ఫిబ్రవరిలో హైదరాబాద్ నిజాం కళాశాల మైదానంలో జరిగిన సభకు జనం విపరీతంగా వచ్చారు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం సభలు రాష్ట్ర ఉద్యమ కాలంలో ఈ పద్ధతిని ఊరూరికీ తీసుకెళ్ళాయి. ఉపన్యాసం కోసం వచ్చి పాట వినే రోజులు పోయి, పాట కోసం వచ్చి ఉపన్యాసం భరించే రోజులు వచ్చాయి.

హాలు, గడియారం, శబ్దం

1961లో హైదరాబాద్‌లో రవీంద్రభారతి ప్రారంభమైంది. అంకె వేసిన కుర్చీ, చీకటి, నిశ్శబ్దం, నిర్ణీత సమయం: జాయప చెప్పిన సభకు ఇది ఆధునిక రూపం. నటరాజ రామకృష్ణ (1923-2011) నృత్తరత్నావళిని, రామప్ప గుడి శిల్పాలను ఆధారం చేసుకొని పేరిణిని మళ్ళీ వేదిక మీదికి తెచ్చారు. దాన్ని పునరుద్ధరణ అంటారు. శిల్పంలో భంగిమ దొరుకుతుంది కాని కదలిక దొరకదు కాబట్టి పునఃసృష్టి అనడమే సరైనదని నా ఉద్దేశం. అలా అన్నంత మాత్రాన ఆ కృషి విలువ తగ్గదు.

హాలులోకి వచ్చిన ఒగ్గుకథకు మాత్రం సమయం చిక్కలేదు. రాత్రంతా సాగే కథకు అరగంట ఇస్తే ముందు పోయేది పట్నం, తరువాత పోయేది కథ. మిగిలేది డోలు. ఉత్సవాలలోను, ఊరేగింపులలోను మనం చూసే ఒగ్గుడోలు విన్యాసం అలా మిగిలినదే. చూడముచ్చటగా ఉంటుంది, చప్పట్లూ పడతాయి. మల్లన్న ఎవరో తెలియకుండానే దాన్ని చూసి ఆనందించవచ్చు.

చట్టం కూడా గడియారాన్ని తెచ్చింది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పండుగల పేరిట ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. మైకు లేకుండా ఆడిన భాగోతానికి ఈ నియమంతో పని లేదు. మైకుకు అలవాటుపడిన భాగోతానికి తెల్లవారుజాము ఘట్టాలు లేకుండా పోయాయి.

ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులో, వినాయక నిమజ్జనంలో డి.జె. బండి వస్తుంది. తీన్మార్ దరువు మీద కూర్చిన జానపదం, సినిమా పాట ఒకదాని వెనుక ఒకటి మోగుతాయి. డబ్బు అద్దెగా బండి యజమానికి వెళుతుంది. పాడినవారు అక్కడ ఉండరు. కూర్చునేవారూ ఉండరు, అందరూ ఆడేవారే. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డి.జె.లను నిషేధించారు. ఆ ఉత్తర్వుపై జరిగిన చర్చంతా శబ్ద తీవ్రత గురించే సాగింది. ఆ బండి రాకముందు ఊరేగింపు ముందు నడిచిన డప్పు బృందం ఏమైందన్న ప్రశ్న అందులో పెద్దగా వినిపించలేదు.