వివియన్ థామస్ నుంచి వేసవి పరిశోధన దాకా

జూన్ వచ్చిందంటే అమెరికాలో కొందరు డిగ్రీ విద్యార్థులు గుండె జబ్బుల ప్రయోగశాలలకు బయల్దేరతారు. నల్లజాతి పిల్లలు, అక్కడి ఆదివాసీ తెగల పిల్లలు, స్పానిష్ మాట్లాడే కుటుంబాల పిల్లలు. ఎనిమిది పది వారాలు ఒక పరిశోధకుడి పక్కన ఉండి పని నేర్చుకుంటారు. భత్యం ఉంటుంది, చాలాచోట్ల వసతి కూడా. చివరి వారంలో తాము చేసిన పనిని పోస్టరుగా తయారుచేసి, దాని పక్కన నిలబడి, అడిగినవాళ్లకు జవాబు చెప్తారు. ఇదంతా దయతో చేసే సాయమని అనేవాళ్లు అక్కడా ఉన్నారు. మన రిజర్వేషన్ల గురించి ఆ మాటే మనం రోజూ వింటున్నాం. గురువు, భత్యం, పోస్టరు మీద పేరు ఎంత అవసరమో తెలియాలంటే ఆ మూడింటిలో ఒక్కటే దక్కిన మనిషి చరిత్ర చూడాలి.

వివియన్ థామస్ 1910లో లూసియానాలో పుట్టి నాష్‌విల్‌లో పెరిగాడు. నల్లజాతివాడు. తండ్రి వడ్రంగి. తనూ ఆ పనే చేస్తూ, డాక్టరు చదువు కోసం డబ్బు కూడబెట్టాడు. 1929లో మార్కెట్ కుప్పకూలింది, పని పోయింది. 1930 ఫిబ్రవరిలో, 19 ఏళ్ల వయసులో, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ అనే తెల్ల సర్జను ప్రయోగశాలలో చేరాడు. ఆ ఏడాదే బ్యాంకు మునిగి దాచుకున్నదంతా పోయింది.

బ్లేలాక్ మంచి గురువే. ఆ మాట ఒప్పుకోవాలి. కొద్ది వారాల్లోనే థామస్ కుక్కల మీద సొంతంగా ఆపరేషన్లు చేయసాగాడు. జీతాల పుస్తకంలో మాత్రం అతను జానిటరు, అంటే ఊడ్చి తుడిచే మనిషి. జీతమూ దానికి తగ్గదే.

1941లో ఇద్దరూ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌కు వెళ్లారు. అక్కడ నల్లవాళ్లు కనిపించేది ఊడ్చే పనుల్లోనే. తెల్లకోటు వేసుకున్న థామస్ వరండాలో నడుస్తుంటే జనం ఆగి చూసేవారు. 1943లో పిల్లల గుండె డాక్టరు హెలెన్ టౌసిగ్ వీళ్ల దగ్గరకు ఒక సమస్య తెచ్చింది. కొందరు పిల్లలు గుండె లోపంతో పుడతారు, ఊపిరితిత్తులకు చాలినంత రక్తం అందదు, పెదాలూ గోళ్లూ నీలంగా మారతాయి. చేతికి పోయే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపితే? అది తేల్చే పని థామస్ మీద పడింది. ముందు ఆ జబ్బు లాంటి స్థితిని కుక్కల్లో తెప్పించాలి, తర్వాత బాగుచేయాలి. దాదాపు 200 కుక్కల మీద పనిచేశాడు. అంత సన్నని రక్తనాళాలు కుట్టడానికి సూదులు కూడా తనే సరిచేసుకున్నాడు.

1944 నవంబర్ 29న 15 నెలల పాపకు ఆ ఆపరేషన్ జరిగింది. కత్తి పట్టింది బ్లేలాక్. ఆయన భుజం వెనక స్టూలు మీద నిలబడి, ఎక్కడ ఎలా కుట్టాలో చెప్పింది థామస్. ఆ పాప కొన్ని నెలలే బతికింది గానీ, తర్వాత ఎందరో పిల్లలు బతికి పెద్దవాళ్లయ్యారు. 1945లో అచ్చయిన వ్యాసంలో రెండు పేర్లున్నాయి: బ్లేలాక్, టౌసిగ్. ఆపరేషన్‌కు పెట్టిన పేరూ అదే. థామస్ ఇల్లు గడవడానికి బ్లేలాక్ ఇంటి విందుల్లో మందు గ్లాసులు అందించేవాడు. పగలు తన దగ్గర పని నేర్చుకున్న డాక్టర్లకే!

1947లో మళ్లీ కాలేజీ ప్రయత్నం చేశాడు. పదిహేడేళ్ల ప్రయోగశాల అనుభవాన్ని లెక్కలోకి తీసుకోం, మొదటి ఏడాది నుంచి చదవాలన్నారు. డాక్టరయ్యేసరికి యాభై ఏళ్లొస్తాయని లెక్క వేసుకుని మానుకున్నాడు. 1976లో హాప్కిన్స్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అదీ వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో.

థామస్‌కు గురువు దొరికాడు. హోదా, తగిన జీతం, పేరు దొరకలేదు.

1970ల మొదట్లో హాప్కిన్స్‌లో చేరిన నల్లజాతి సర్జను లెవి వాట్కిన్స్‌కు థామస్ పెద్దదిక్కయ్యాడు. గుండె లయ తప్పితే దానంతటదే సరిచేసే పరికరాన్ని 1980లో మొదటిసారి మనిషికి అమర్చింది ఈ వాట్కిన్సే. వైద్య కళాశాల ప్రవేశాల కమిటీలో కూర్చుని నల్లజాతి విద్యార్థులను వెతికి తెచ్చిందీ ఆయనే. 1970లలోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు మైనారిటీ విద్యార్థుల పరిశోధన శిక్షణకు నిధులివ్వడం మొదలుపెట్టాయి. ఇప్పటి వేసవి శిక్షణలు ఆ దారిలోవే.

వీటిలో భత్యం చిన్న సంగతి కాదు. వేసవిలో తునికాకు కోసి ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చే పిల్లను జీతం లేకుండా ప్రయోగశాలకు రమ్మంటే ఎలా వస్తుంది? అక్కడి పేద విద్యార్థికీ వేసవి సంపాదించుకునే కాలమే.

ఇక ఆదివాసుల సంగతి. వాళ్లకు గుండె జబ్బు తక్కువని డాక్టర్లు చాలాకాలం అనుకున్నారు. 1988లో మొదలైన స్ట్రాంగ్ హార్ట్ అధ్యయనం అరిజోనా, ఓక్లహోమా, డకోటాల్లో 13 తెగలకు చెందిన 4,549 మందిని పరీక్షించింది. జబ్బు తక్కువేమీ కాదని, పైగా మధుమేహం వెంట పెరుగుతోందని బయటపెట్టింది. ఆ తెగల రక్తంతో రాసిన వ్యాసాలు అచ్చుకు వెళ్లేముందు తెగల ముందుకు రావాలి. అలా వచ్చినప్పుడు వాటిలోని లెక్కలు విప్పి అడగగలిగేది, ఏదో ఒక వేసవి ప్రయోగశాలలో గడిపిన సొంత తెగ పిల్లలే.