నగర పాఠశాలల ఉపాధ్యాయ శిక్షణము - సమాజ ప్రమేయము

ఉపాధ్యాయుని తీర్చిదిద్దు అధికారము ఎవరిది? విశ్వవిద్యాలయముదా, పాఠశాలదా, బిడ్డలను బడికి పంపు వాడవారిదా? అమెరికా మహానగరముల విద్యాచరిత్రలో ఈ ప్రశ్నకు మూడు ఘట్టములు ముఖ్యములని మేము తలంచుచున్నాము.

మొదటిది వాషింగ్టనులోని కార్డోజో ఉన్నత పాఠశాల. పీస్ కోర్ పక్షమున విదేశములందు పనిచేసి వచ్చిన యువజనులను 1963లో అచ్చట శిక్షణార్థులుగా చేర్చుకొనిరి. అనుభవజ్ఞుల పర్యవేక్షణమున పాఠములు చెప్పుచు, విద్యాశాస్త్రము నభ్యసించుచు, విద్యార్థుల పరిసర జీవితమును తెలిసికొనుట వారి విధి. 1965 నాటి ఉన్నత విద్యా చట్టము నెలకొల్పిన టీచర్ కోర్‌కు ఈ పద్ధతియే ఒరవడి. 1981 నాటి శాసనముతో ఆ సంస్థ అంతరించినది. దాని తొలి రూపమున వాడ అధ్యయన విషయమే గాని అధ్యాపకుడు కాదు.

రెండవది న్యూయార్కు. 1968 మే నెలలో ఓషన్ హిల్-బ్రౌన్స్‌విల్ స్థానిక పాలకమండలి 19 మంది ఉపాధ్యాయులను, పర్యవేక్షకులను తమ బడులనుండి తొలగింపబూనెను. తత్ఫలితముగా ఆ శరత్కాలమున జరిగిన సమ్మెలలో 36 పనిదినములు గడచిపోయినవి. ఉద్యోగ రక్షణ కోరిన ఉపాధ్యాయుల వాదమునందును, బిడ్డల చదువుకై వేదనపడిన తల్లిదండ్రుల వాదమునందును న్యాయము కలదు. శిక్షణమున చోటులేని సమాజము నియామకానంతరము తీర్పరియై ప్రవేశించినచో ఎంతటి ఘర్షణ కలుగునో ఈ ఉదంతము చాటుచున్నది.

మూడవది షికాగో. లోగన్ స్క్వేర్ నివాసుల సంఘము 1995లో తల్లులను తరగతి గదులలో సహాయకులుగా నిలిపెను. వారిలో ఉపాధ్యాయినులు కాగోరినవారికి 2000 ప్రాంతమున షికాగో స్టేట్ విశ్వవిద్యాలయ సహకారముతో చదువు నేర్పాటుచేసెను. దీని ప్రేరణతో ఇల్లినాయ్ రాష్ట్రము 2004లో శాసనము చేసినది. దాని ప్రకారము విశ్వవిద్యాలయము, పాఠశాలలు, సమాజ సంస్థ కూడియే అభ్యర్థుల శిక్షణమును నిర్వహింపవలెను. అవసరమున్న బడిలో ఐదేండ్లు బోధించినవారికి చదువుకై యిచ్చిన ఋణము మాఫీ యగును.

2016 నాటికి వేయిమందిని తయారుచేయవలెనన్న లక్ష్యము నెరవేరలేదు. కూలినాలి చేసికొనుచు, సంసారము నీడ్చుచు, ఖాళీవేళల చదువువారికి పట్టము ఏండ్ల తరబడి పని. కావున సంఖ్యయే గీటురాయి యైనచో ఈ మార్గము ఓడినదనవలెను. కాని తక్కిన రెండు ఘట్టములలో బడికిని వాడకును నడుమ నిలిచిన గోడ ఇచ్చట తలుపైనది. వాడనుండి వచ్చినంతమాత్రమున ఎవరును మంచి గురువు కారు; శాస్త్రజ్ఞానము అవశ్యకమే. అయితే ఆ జ్ఞానము ఎవరి బిడ్డలకొరకో, వారికి శిక్షణ ప్రణాళికలో మాట యుండుట న్యాయమని ఈ చరిత్ర వలన మేము గ్రహించుచున్నాము.