అనుపు రంగశాల

ప్రదర్శనలు జరిగే చోటును రంగశాల అంటారు. పైకప్పు లేనిది బయలు రంగశాల. మేము నివసించే శాన్ రామన్‌కు చేరువలో, బర్క్లీ విశ్వవిద్యాలయంలో 1903లో ప్రారంభమైన గ్రీకు రంగశాల అటువంటిదే. అందులో మెట్ల వరుసలు వేదికకు ఎదురుగా అర్ధవలయాకారంలో ఉంటాయి. తెలుగు నేల మీద ఇంతకంటె ఎంతో ప్రాచీనమైన బయలు రంగశాల ఒకటి ఉంది.

ఇక్ష్వాకులు క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో విజయపురి రాజధానిగా పాలించారు. ఆ నగరం నాగార్జునకొండ లోయలో ఉండేది. అక్కడి రంగశాలలో నడుమ దీర్ఘచతురస్రాకారపు అంగణం, నాలుగు వైపులా మెట్ల వరుసలు ఉన్నాయి. అక్కడ నాటకాలు, సంగీతం, మల్లయుద్ధాలు, సభలు జరిగి ఉండవచ్చునని పండితులు పలు విధాల ఊహించారు.

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోగా, 1954 నుండి 1960 వరకు, పురావస్తు శాఖ విస్తృతంగా తవ్వకాలు జరిపింది. లోయలోని గ్రామస్థులు ఊళ్లు విడిచి వెళ్లారు. రంగశాలను జలాశయపు ఒడ్డున, మాచర్ల ప్రాంతంలోని అనుపు వద్ద తిరిగి నిర్మించారు. నేడు సందర్శకులు ఆ మెట్ల మీద కూర్చోవచ్చు. అయితే అక్కడ ఏ పాటలు పాడారో తెలిపే ఆధారం లేదు.

తోటల పనికి సముద్రం దాటిన మన పూర్వుల కథ ఇందుకు భిన్నమైనది. వారు రాతి కట్టడాలేవీ వెంట తీసుకుపోలేదు; పాటలను తీసుకుపోయారు. మారిషస్‌లోని తెలుగువారు నేటికీ దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు. అందులోని మాటల అర్థం తెలుసుకోవడానికే మనం తెలుగు మళ్లీ నేర్చుకుంటున్నాం.