ఊళ్లు కదల్లేదు, పాలకులే మారారు

"మీది ఆంధ్రానా, తెలంగాణనా?" విజయవాడ హాస్టళ్లలో శబరి ఒడ్డు కోయ, కొండరెడ్డి పిల్లలం మనకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబు మన చరిత్రలో ఉంది.

1860లో నిజాం మన భద్రాచలం, రేకపల్లి ప్రాంతాన్ని బ్రిటిష్ వాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లు దాన్ని మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. 1874లో మద్రాసు కింద గోదావరి జిల్లాకు మార్చారు. కొత్త పాలనలో పోడు పన్ను పెరిగింది, చెట్టు కొట్టాలంటే ఆంక్షలు. అందుకే 1879లో రంప తిరగబడితే రేకపల్లి కూడా లేచింది.

1959లో ఖమ్మం జిల్లాలో వేశారు. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మళ్లీ తూర్పుగోదావరికి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా.

ఏ గీతా మనల్ని అడిగి గీసింది కాదు. రేపు భూమి గురించి, పునరావాసం గురించి మనం గట్టిగా అడగాలంటే ఈ తేదీలు నోటికి రావాలి. ఇంట్లో పెద్దోళ్లకు గుర్తున్నవి కూడా అడిగి రాసి పెట్టండి.