సరిహద్దు దాటని సంతకం

మా బావ సివిల్ ఇంజనీరు. అమెరికాలో ఒక రాష్ట్రంలో తొమ్మిదేళ్ళు పని చేశాడు, పరీక్షలు రాసి ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు తెచ్చుకున్నాడు. కల్వర్టులు, రిటైనింగ్ గోడలు, చిన్న చిన్న వంతెనలు అతని పని. తర్వాత అక్క ఉద్యోగం మారడంతో కాపురం పక్క రాష్ట్రానికి మారింది. దాంతో బావ సంతకం చెల్లకుండా పోయింది. పధ్నాలుగు నెలలు తను గీసిన డ్రాయింగుల మీద, అతనికంటే చాలా చిన్నవాడైన ఇంకో ఇంజనీరు ముద్ర వేశాడు. చట్టప్రకారం అందులో తప్పేమీ లేదు, లైసెన్సున్నవాడి పర్యవేక్షణలో ఎవరైనా పని చేయొచ్చు. కానీ ఒకరోజు ఫోన్లో, "ఏటికి అవతల నిలబడిన వంతెన ఇవతల నిలబడదంట్రా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. నన్ను ఇంతవరకూ ఎవరూ లైసెన్సు అడగలేదు. అసలీ గొడవ ఎక్కడ మొదలైందో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే అది మొదలైంది నీళ్ళ దగ్గర.

వయోమింగ్ వాన తక్కువ రాష్ట్రం. అక్కడ కాలవ తవ్వుకుని పొలానికి నీళ్ళు మళ్ళించుకోవాలంటే ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాలి, దానికి మ్యాపు జత చేయాలి. ఆ దరఖాస్తులు చూసే స్టేట్ ఇంజనీరు క్లారెన్స్ జాన్‌స్టన్. ఆయన ముందుకొచ్చే మ్యాపుల్లో లాయర్లూ నోటరీలూ ఇంజనీర్లమని చెప్పుకుని సంతకం పెట్టినవి బోలెడు. కొలత తప్పితే నష్టపోయేది కింద పొలం రైతు. ఆ చిరాకులోంచి 1907లో దేశంలోనే మొదటి ఇంజనీరింగ్ లైసెన్సు చట్టం వచ్చింది. ఆ ఆగస్టులో మొదటి లైసెన్సు అందుకున్నవాడు చార్లెస్ బెల్లమీ. (మూడేళ్ళ తర్వాత ఆయన భార్య మేరీ ఆ రాష్ట్ర శాసనసభకి ఎన్నికైన మొదటి మహిళ అయింది. నాకైతే ఆయన లైసెన్సు కంటే ఆవిడ గెలుపే పెద్ద సంగతిగా అనిపిస్తుంది.)

మరి ఈ చట్టం రాష్ట్రానిదెందుకు, దేశానిదెందుకు కాలేదు? అమెరికా రాజ్యాంగం జనం ఆరోగ్యాన్నీ భద్రతనీ చూసుకునే అధికారాన్ని ప్రధానంగా రాష్ట్రాలకే వదిలింది. వెస్ట్ వర్జీనియాలో సర్టిఫికెట్ లేకుండా వైద్యం చేశాడని డెంట్ అనే డాక్టరుకి శిక్ష పడితే, 1889లో సుప్రీంకోర్టు రాష్ట్రం చేసింది సబబేనంది. తర్వాతి లైసెన్సు చట్టాలకి పునాదిరాయి ఆ తీర్పే. మన దగ్గర 1961 అడ్వకేట్స్ చట్టం ఒక రాష్ట్రంలో నమోదైన లాయరు దేశమంతా వాదించడానికి దారి వేసింది. అక్కడ అలాంటి దారి పడలేదు.

పడకపోవడానికి రాజ్యాంగం ఒక్కటే కారణమని నేననుకోను. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పీడకల ఉంది.

కాలిఫోర్నియా పీడకల పేరు సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్. దాన్ని కట్టించిన విలియం మల్‌హోలాండ్ ఐర్లండ్ నుంచి వచ్చి, లాస్ ఏంజెలెస్‌లో కాలవలు శుభ్రం చేసే పనితో మొదలుపెట్టి, ఆ నగరానికి వందల మైళ్ళ దూరం నుంచి నీళ్ళు తెచ్చిన మనిషి. కాలేజీ చదువు లేదు. సొంతంగా చదువుకుని పైకొచ్చాడు. 1928 మార్చి 12 పొద్దున డ్యామ్ కాపలాదారు కొత్తగా నీళ్ళు కారుతున్నాయని కబురు పెడితే, మల్‌హోలాండ్ స్వయంగా వచ్చి చూసి, ఫరవాలేదని చెప్పి వెళ్ళాడు. ఆ అర్ధరాత్రికి కాస్త ముందు డ్యామ్ కూలింది. నాలుగు వందల మందికి పైగా కొట్టుకుపోయారు. విచారణలో ఆయన తప్పు ఇంకొకరి మీదకి నెట్టలేదు, తన మీదే వేసుకున్నాడు. జ్యూరీ ఒక మాట తేల్చింది: ఇంత పెద్ద కట్టడాన్ని, ఎంత గొప్పవాడైనా సరే, ఒక్కడి నిర్ణయానికి వదిలేయకూడదని. 1929లో అక్కడ సివిల్ ఇంజనీర్లకి లైసెన్సు తప్పనిసరైంది. ఆ రాష్ట్రానికి భూకంపాల భయం వేరే ఉంది. అందుకే ఇవాళ్టికీ అక్కడ సివిల్ లైసెన్సు కావాలంటే జాతీయ పరీక్షతో పాటు భూకంప సూత్రాల మీద ఒకటి, సర్వే మీద ఒకటి అదనంగా రాయాలి. బయటి నుంచి పాతికేళ్ళ అనుభవంతో వచ్చినవాడైనా సరే.

టెక్సస్‌ది ఇంకో కథ. 1937 మార్చి 18న న్యూ లండన్ అనే ఊళ్ళో బడి కింద పోగైన వాసన లేని గ్యాస్ పేలి మూడొందల మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ ఏడాదే టెక్సస్ ఇంజనీరింగ్ చట్టం వచ్చింది.

ఇలా ఒక్కో చట్టం వెనకా శవాలున్నప్పుడు, "మా పరీక్ష మాకుంది, మీ కాగితం మాకెందుకు" అనడాన్ని మరీ మూర్ఖత్వం అనలేం. అలాగని అదంతా జనం మీద ప్రేమే అనీ నమ్మను. గేటు దగ్గర కూర్చున్నవాడికి గేటు ఉండటం లాభమే.

రాష్ట్రాల బోర్డులకి ఈ చిక్కు మొదట్లోనే అర్థమైంది. 1920లో అవన్నీ కలిసి ఒక కౌన్సిల్ పెట్టుకున్నాయి, ఇప్పటి ఎన్‌సీఈఈఎస్ అదే. ఉమ్మడి పరీక్షలకి మాత్రం 1965, 66 దాకా ఆగాల్సొచ్చింది. ఇంజనీర్లు వాడుకలో లైసెన్సు "ట్రాన్స్‌ఫర్" అంటారు గానీ, నిజానికి ఏదీ ట్రాన్స్‌ఫర్ కాదు. పాతది పాతచోటే ఉంటుంది, కొత్తచోట కొత్తగా అడుక్కోవాలి. దానికి వాళ్ళు పెట్టిన పేరు కామిటీ. సంఘం కాదు, మర్యాద అని అర్థం. అంటే మర్యాదగా నీ ఫైలు మళ్ళీ మొదటినుంచి చదువుతారు! 2019లో అరిజోనా, వేరేచోట కనీసం ఏడాది లైసెన్సు ఉండి తమ దగ్గర స్థిరపడ్డవాళ్ళని చాలా వృత్తుల్లో ఒప్పుకుంటామని చట్టం చేసింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఆ బాట పట్టాయి.

బావ ఫైలు ఆగింది పరీక్ష దగ్గర కాదు, డిగ్రీ దగ్గర. ఇంజనీరింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపు కోసం ఉన్న వాషింగ్టన్ అకార్డ్‌లో మనదేశం పూర్తి సభ్యురాలైంది 2014లో. బావ బీటెక్ అంతకు చాలా ముందుది. మొదటి రాష్ట్రం అడగని లెక్క రెండోది అడిగింది. తేలిందేమిటంటే లెక్కలు, ఫిజిక్సు, కాంక్రీటు అన్నీ సరిపోయాయి, సాహిత్యం, చరిత్ర లాంటి మానవీయ శాస్త్రాల గంటలు తగ్గాయి. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న తరం మాది, అదైనా లెక్కలోకి వస్తుందేమోనంటే డిగ్రీలోది కాదు కనక రాదు. నలభై దాటాక బావ సాయంత్రం పూట కమ్యూనిటీ కాలేజీకెళ్ళి అమెరికా చరిత్ర క్లాసులో కూర్చున్నాడు. మొదటి నెలంతా తిట్టుకున్నాడు. మూడో నెలలో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి మల్‌హోలాండ్ గురించి నలభై నిమిషాలు చెప్పాడు. "పొద్దున వెళ్ళి చూశాడ్రా. చూసి కూడా బాగానే ఉందన్నాడు. నేనైతే ఏమనేవాణ్ణి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నా వృత్తికి కూడా లైసెన్సు ప్రయత్నం జరిగిందని ఈ చదువులోనే తెలిసింది. 1998లో టెక్సస్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకి లైసెన్సు మొదలుపెట్టింది. 2013లో జాతీయ పరీక్ష పెట్టారు. 2019లో ఎత్తేశారు. అన్నేళ్ళలో రాసినవాళ్ళు మొత్తం 81 మంది. నేను రాసిన కోడు ఏ ముద్రా లేకుండా యాభై రాష్ట్రాల్లో నడుస్తోంది. అది కూలితే ఎవరి సంతకం వెతుకుతారో నాకు తెలీదు.

బావకి పోయిన నెల లైసెన్సు వచ్చింది. కొత్త ముద్ర చేయించాడు. పాతది సొరుగులో ఉంది, దానికీ విడిగా రెన్యువల్ ఫీజు కడుతున్నాడు. కొత్త ముద్ర మొదట పడింది ఒక బడి వెనక వాన నీళ్ళు పోయే కల్వర్టు డ్రాయింగు మీద. వెయ్యబోయే ముందు లెక్కలు ఇంకోసారి సరిచూశానన్నాడు, ఒక శనివారమంతా పట్టిందట.