పది అక్షరాల పేరు పదమూడైన కథ

2021 జూలై 20న మిల్వాకీలో ఒక ఆటగాడు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో ఒక్కడే 50 పాయింట్లు కొట్టాడు. బక్స్ జట్టుకు యాభై ఏళ్ల తర్వాత మళ్లీ టైటిల్ దక్కింది. అంతకుముందే 2019లో, 2020లో వరసగా లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైనవాడతను. ఇంత పేరు తెచ్చుకున్నవాడి పేరును చూడకుండా తప్పుల్లేకుండా రాయగలిగినవాళ్లు మాత్రం తక్కువ. ఇంగ్లీషులో ఆ ఇంటిపేరు ఇలా ఉంటుంది: ఏ, ఎన్, టి, ఇ, టి, ఓ, కె, ఓ, యు, ఎన్, ఎం, పి, ఓ. ఆ అక్షరాలనే పట్టుకుని తెలుగులో రాస్తే ‘ఆంటెటోకౌన్మ్పో’ అవుతుంది. అసలు పేరు అడెటోకున్బో. నైజీరియాలోని యోరుబా వాళ్ల పేరు, ఇంగ్లీషులో రాస్తే పదే అక్షరాలు.

మధ్యలో ఎవరో గుమస్తా పొరపాటు చేశాడనిపిస్తుంది. ఎవరూ చేయలేదు. అందరూ నియమం ప్రకారమే రాశారు, పేరు అలా తయారైంది.

ఆ ఆటగాడి మొదటి పేరు యానిస్. అతని తండ్రి చార్లెస్ ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు, తల్లి వెరోనికా హైజంప్ చేసేది. పెద్దకొడుకు ఫ్రాన్సిస్‌ను నైజీరియాలో అవ్వాతాతల దగ్గరే ఉంచి, 1991లో బతుకుతెరువు వెతుక్కుంటూ లాగోస్ వదిలారు. యానిస్ 1994 డిసెంబరు 6న ఏథెన్స్‌లో పుట్టి, సెపోలియా పేటలో పెరిగాడు. అన్న థనాసిస్‌తో కలిసి వీధుల్లో గడియారాలు, చేతిసంచులు, నల్లకళ్లజోళ్లు అమ్మాడు. పుట్టింది గ్రీసులోనే అయినా గ్రీసు పౌరుడు కాడు. అక్కడి చట్టం పుట్టిన ఊరును కాదు, కన్నవారి రక్తాన్ని చూస్తుంది. వలస వచ్చినవాళ్ల పిల్లలకు దారి తెరుస్తూ 2010లో ఒక చట్టం వచ్చింది కానీ, 2013 మొదట్లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం దాన్ని కొట్టేసింది.

అదే ఏడాది మే 9న యానిస్‌కు పౌరసత్వం వచ్చింది. జూన్ 27న జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌బీఏ డ్రాఫ్ట్ ఉంది మరి! పద్దెనిమిదేళ్లుగా లేని కాగితం ఏడు వారాల ముందు చేతికందింది. బంతి ఆడటం రాని పక్కింటి వలస పిల్లవాడికి ఆ అదృష్టం లేదు. అలాంటి పిల్లల కోసం కొత్త చట్టం రావడానికి 2015 దాకా పట్టింది.

పేరు మారిన అసలు కథ ఆ పౌరసత్వంతో వచ్చిన పాస్‌పోర్టులోనే ఉంది. బీటా, డెల్టా అని మనం సైన్సు పాఠాల్లో చదువుకునే అక్షరాలు నేటి గ్రీకుల నోట ‘బ’, ‘డ’ కావు. శతాబ్దాల మీద ఉచ్చారణ మారిపోయింది. బీటాను ‘వ’ అంటారు. డెల్టాను నాలుక పళ్ల మధ్యకు తెచ్చి, ఇంగ్లీషువాళ్లు ‘దిస్’ అన్నట్టు మెత్తగా పలుకుతారు. గట్టి ‘డ’ కావాలంటే న్యు, టౌ అనే రెండక్షరాలు కలపాలి. ‘బ’ కావాలంటే మ్యు, పై. ‘ఉ’కు కూడా రెండే: కరోనా రోజుల్లో మనందరం విన్న ఒమిక్రాన్, దాని పక్కన ఉప్సిలాన్. అడెటోకున్బోలో ఈ మూడు ధ్వనులూ ఉన్నాయి. మూడు అక్షరాలు ఆరయ్యాయి. గ్రీకులో అది సక్రమమైన రాత, చదివితే పేరు పేరులాగే వినిపిస్తుంది.

పాస్‌పోర్టు మీద ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉండాలి. దానికి గ్రీసులో ప్రామాణిక పట్టిక ఉంది: న్యు వస్తే ఎన్, టౌ వస్తే టి, మ్యు వస్తే ఎం, పై వస్తే పి. పేరును చెవితో విని గ్రీకులోకి రాశారు, కంటితో చూసి ఇంగ్లీషులోకి దించారు. ఇంగ్లీషు అక్షరాల్లో పుట్టిన ‘డ’ ఊరు తిరిగొచ్చేసరికి ఎన్-టి అయింది. యానిస్ అన్న మొదటి పేరుదీ అదే తంతు. గ్రీకులో అది గామాతో మొదలై ‘య’ అని పలుకుతుంది. పట్టిక మాత్రం గామాకు ‘జి’ వేస్తుంది. అందుకే తెలియనివాళ్లు ‘జియానిస్’ అంటారు.

పాస్‌పోర్టు రాకముందు అమెరికన్ విశ్లేషకుల జాబితాల్లో అతను అడెటోకున్బోగానే ఉండేవాడు. డ్రాఫ్ట్ రాత్రి కమిషనర్ డేవిడ్ స్టెర్న్ 15వ ఎంపికగా పిలిచేనాటికి కొత్త రాత స్థిరపడిపోయింది. కావాలంటే వెనక్కి మార్చుకోవచ్చు. నైజీరియాలో పుట్టిన ఎన్‌బీఏ ఆటగాడు ఒలాజువాన్ అమెరికాలో చాలాకాలం ‘అకీమ్’గా చలామణీ అయి, 1991లో ‘హకీమ్’ అని సరిచేయించుకున్నాడు. యానిస్ మార్చుకోలేదు. తమ్ముళ్లు కోస్టస్, అలెక్స్ కూడా ఆ పదమూడు అక్షరాలతోనే ఆడారు. నా మటుకు నాకు ఇందులో తప్పేమీ కనిపించదు. ఆ కుటుంబం ఏయే దేశాలు దాటి వచ్చిందో ఆ రాతలోనే ఉంది.

ఇంగ్లీషులో రాయాల్సి వస్తే ‘డ’కు ఎన్-టి, ‘ఉ’కు ఓ-యు, ‘బ’కు ఎం-పి అని గుర్తుపెట్టుకోండి. తెలుగులో రాసేవాళ్లకు ఆ అవస్థ లేదు. మనకు ‘డ’ ఉంది, ‘బ’ ఉంది. యానిస్ అడెటోకున్బో అని నేరుగా రాసేయండి.